వెయ్యి పురుగుల్లో వేటగాళ్లెన్ని? సముద్రపు బురదలో కొత్త జాతుల లెక్క

నులిపురుగు అంటే మనకు తెలిసినవి రెండు రకాలు. ఒకటి పిల్లల కడుపులో చేరేది. దాన్ని వదిలించడానికే 2015 నుంచి ఏటా ఫిబ్రవరి 10న బడుల్లో ఆల్బెండజోల్ మాత్రలు మింగిస్తున్నారు. రెండోది టమాటా, వంగ తోటల్లో వేళ్లకు బుడిపెలు కట్టించి దిగుబడిని దెబ్బతీసేది. రెండూ ఒకరి మీద పడి బతికేవే. కానీ తలలు లెక్కపెడితే ఈ వంశంలో చాలావాటికి ఎవరి ఒంటితోనూ, ఏ పంటతోనూ పని లేదు. మట్టిలో, ఇసుకలో, సముద్రపు బురదలో తమ తిండి తామే వెతుక్కుంటాయి. వాటిలో కొన్ని సాటి నులిపురుగులనే వేటాడి తింటాయి.

శాస్త్రవేత్తలు నెమటోడ్లని పిలిచే ఈ జీవుల సంఖ్య ఊహకు అందదు. 6,759 మట్టి నమూనాల లెక్కలు కట్టి 2019లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, భూమి పైపొర మట్టిలో ఉన్న నెమటోడ్లు 44 పక్కన 19 సున్నాలు పెడితే ఎంతో అన్ని. వాటి బరువు దాదాపు 30 కోట్ల టన్నులు. ఇది నేల లెక్క మాత్రమే, సముద్రం లెక్క వేరు. తీరప్రాంతపు బురదలో చదరపు మీటరుకు 10 లక్షల నెమటోడ్లు ఉండటం మామూలు విషయం. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ దగ్గరి లైనర్ నది ముఖద్వారంలో వార్విక్, ప్రైస్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి 1979లో ప్రకటించిన సంఖ్య, అవి బాగా పెరిగే కాలంలో, చదరపు మీటరుకు 2 కోట్లు దాటింది.

ఇన్ని కోట్లలో స్వేచ్ఛగా బతికే సముద్రపు నెమటోడ్లకు ఇప్పటిదాకా పెట్టిన పేర్లు సుమారు 7 వేలు. తలలు కోట్లలో ఉంటే పేర్లు వేలల్లోనే ఎందుకు ఆగిపోయాయి? బురదకు కరువు లేదు, పురుగులకూ కరువు లేదు. ఒక్క కొత్త పేరు పుట్టాలంటే ఆ పురుగులు దాటాల్సిన వడపోతలు చాలా ఉన్నాయి. అందులోనూ వేటాడే జాతుల విషయంలో ఆ వడపోత మరీ కఠినం. ఆ లెక్క ఒక్కో మెట్టుగా చూద్దాం.

10 చదరపు సెంటీమీటర్ల గొట్టం

ఈ పని చేసేవాళ్ల ప్రధాన సాధనం ఒక ప్లాస్టిక్ గొట్టం. దాని అడ్డుకోత వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు, అంటే వ్యాసం మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు దాన్ని బురదలో నిలువుగా దించి, 5 సెంటీమీటర్ల లోతు వరకు మట్టిని పైకి తీస్తారు. చదరపు మీటరులో 10 చదరపు సెంటీమీటర్లు వెయ్యో వంతు. చదరపు మీటరుకు 10 లక్షల పురుగులుంటే ఆ గొట్టంలోకి వచ్చేవి దాదాపు 1,000.

తర్వాత జల్లెడలు. పైన అర మిల్లీమీటరు లేదా 1 మిల్లీమీటరు కన్నున్న జల్లెడ, కింద 63 నుంచి 32 మైక్రాన్ల మధ్య కన్నున్న జల్లెడ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పై జల్లెడ దాటి, కింది జల్లెడ మీద నిలిచే జీవులన్నింటికీ కలిపి మాలీ మేర్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు 1942లో మియోబెంథోస్ అని పేరు పెట్టారు. ఈ గుంపులో సాధారణంగా నూటికి 60 నుంచి 90 దాకా నెమటోడ్లే.

జల్లెడ పట్టాక కూడా పురుగులతో పాటు ఇసుక రేణువులు మిగులుతాయి. వాటిని విడదీయడానికి లుడాక్స్ అనే సిలికా ద్రావణం వాడతారు. దాని సాంద్రతను నీటికి 1.18 రెట్లు ఉండేలా కలుపుతారు. ఇసుక సాంద్రత 2.65 కాబట్టి అది అడుగుకు చేరుతుంది, పురుగులు పైకి తేలతాయి. కళ్లంలో తూర్పారబడితే తాలు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు పడ్డట్టే ఇదీ. అక్కడ పని చేసేది గాలి, ఇక్కడ పని చేసేది సాంద్రత. అక్కడ తాలును వదిలేస్తారు, ఇక్కడ మాత్రం పైకి తేలిందే కావాలి.

ఏం తింటుందో నోరు చెబుతుంది

వెయ్యి పురుగుల్లో వేటగాళ్లేవో తేల్చడానికి ప్రతిదాన్నీ బతికుండగా గమనించడం కుదరదు. అందుకే 1953లో ఆస్ట్రియా శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ వీజర్ ఒక దారి చూపించారు. చిలీ తీరపు నెమటోడ్లను పరిశీలిస్తూ ఆయన నోటి నిర్మాణాన్ని బట్టి వాటిని 4 గుంపులు చేశారు. 1ఏ గుంపుకు నోటి గది దాదాపు ఉండదు, బ్యాక్టీరియా లాంటి అతి చిన్న తిండి మాత్రమే పట్టగలవు. 1బీ గుంపుకు పళ్లు లేని పెద్ద నోరు, దొరికిన ఒండ్రు మింగేస్తాయి. 2ఏ గుంపుకు చిన్న పళ్లు, ఇసుక రేణువుల మీది నాచును గీకి తింటాయి. 2బీ గుంపుకు పెద్ద నోటి గది, బలమైన పళ్లు లేదా దవడలు. వేటగాళ్లు ఈ నాలుగో గుంపులోవి.

70 ఏళ్లు దాటినా వీజర్ గుంపులనే ఇప్పటికీ వాడుతున్నారు. కానీ నోరు చెప్పేది సగం నిజమే. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ మోన్స్, మాగ్డా విన్క్స్ 1990ల్లో వెస్టర్‌షెల్డె ముఖద్వారపు పురుగులను బతికుండగానే గమనించి, 2బీ గుంపును రెండుగా చీల్చాల్సి ఉంటుందని తేల్చారు. ఎనోప్లోయిడిస్ లాంటివి పక్కా వేటగాళ్లు. అడాంకోలైమస్ ఫస్కస్ లాంటివి వేట దొరికితే వేట, లేకపోతే చచ్చినదాన్ని పీక్కు తినడం, అదీ కుదరకపోతే మరొకటి. వేట ఫలించడం పురుగు చేతిలో మాత్రమే ఉండదు, నేల మీద కూడా ఆధారపడుతుంది. ఎనోప్లోయిడిస్ మీద 2005లో వెలువడిన ఘెంట్ ప్రయోగాల్లో ఇసుకలో మెత్తటి ఒండ్రు పెరిగితే వేట తగ్గింది. రేణువుల మధ్య సందులు పూడుకుపోతే వేటగాడికి దారి ఉండదు మరి.

పళ్లు, దవడల అమరికలోనూ లెక్కలున్నాయి. ఆంకోలైమిడే కుటుంబంలో 3 పళ్లు, వీపు వైపు ఒకటి, పొట్ట వైపు పక్కల్లో రెండు. వీటిలో ఎడమ పన్ను పెద్దదైతే ఆంకోలైమస్, కుడి పన్ను పెద్దదైతే విస్కోసియా. పురుగు స్లైడు మీద ఏ పక్కకు తిరిగి పడుకుందో సరిచూసుకోకపోతే ప్రజాతే తారుమారవుతుంది. ఎనోప్లోయిడిస్‌కు 3 దవడలు, 3 పళ్లు. సెలాకినెమాటిడే కుటుంబంలో పళ్లకు బదులు వరుసల కొద్దీ చిన్న చిన్న దంతికలు, కడ్డీల్లాంటి నిర్మాణాలు. వింత దవడలున్న సెలాకినెమా అనే ప్రజాతిని 1915లో అమెరికా శాస్త్రవేత్త నేథన్ కాబ్ లోకానికి పరిచయం చేశారు. ఈ కుటుంబానికి ఆ పేరు దాన్నుంచే వచ్చింది.

తలల్లో 5 శాతం, తూకంలో 38 శాతం

వేటగాళ్లు తక్కువే అయినప్పుడు వాటి గురించి ఇంత శ్రమ ఎందుకు? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. నెమటోడ్ బరువును తూచలేం, కొలతల నుంచి కట్టాలి. హంగరీ శాస్త్రవేత్త ఇస్త్వాన్ ఆంద్రాషీ 1956లో ఇచ్చిన సూత్రం ఇది: పొడవును, గరిష్ఠ వెడల్పు వర్గంతో గుణించి 16 లక్షలతో భాగించాలి. కొలతలు మైక్రాన్లలో వేస్తే జవాబు మైక్రోగ్రాములలో వస్తుంది.

బురదలో తిరిగే సాదా పురుగు 1,000 మైక్రాన్ల పొడవు, 30 మైక్రాన్ల వెడల్పు అనుకుందాం. దాని బరువు 0.56 మైక్రోగ్రాములు. వేటపురుగు 2,100 మైక్రాన్ల పొడవు, 70 మైక్రాన్ల వెడల్పు అనుకుంటే 6.43 మైక్రోగ్రాములు. పొడవు రెట్టింపు దాటింది అంతే, బరువు మాత్రం 11 రెట్లు దాటింది. ఇప్పుడు మన గొట్టంలోని 1,000 పురుగుల్లో వేటగాళ్లు నూటికి 5 చొప్పున 50 ఉన్నాయనుకుంటే, వాటి మొత్తం బరువు 322 మైక్రోగ్రాములు. మిగిలిన 950 సాదా పురుగుల బరువు 534. అంటే తలల్లో 5 శాతమైన వేటగాళ్లు తూకంలో దాదాపు 38 శాతం.

ఇవి లెక్క కోసం ఎంచుకున్న కొలతలు. గొట్టం మారితే శాతాలు మారతాయి. సూత్రం చెప్పే సంగతి మాత్రం మారదు: బరువు వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి లావుపాటి వేటపురుగును తలల లెక్కలో చూస్తే తక్కువగా అంచనా వేస్తాం. నేల ఆరోగ్యాన్ని నెమటోడ్ల ద్వారా కొలవడానికి నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ బోంగర్స్ 1990లో రూపొందించిన సూచీ కూడా తలలన్నింటినీ ఒకేలా లెక్కపెట్టదు. అందులో కుటుంబాలకు 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి. త్వరగా పెరిగి త్వరగా పిల్లలు పెట్టేవాటికి 1, నెమ్మదిగా ఎదిగి దెబ్బ తగిలితే తేరుకోలేనివాటికి 5. మరుసటి ఏడే దీన్ని సముద్రపు నెమటోడ్లకూ విస్తరించారు. ఏ పురుగుకు ఏ అంకె ఇవ్వాలో తెలియాలంటే ముందు అది ఏదో గుర్తించాలి. అక్కడే పేరు అవసరమవుతుంది.

1,000 నుంచి 1కి

గొట్టంలో వెయ్యి పురుగులున్నా అన్నింటినీ స్లైడ్లకెక్కించడం తలకు మించిన పని. సాధారణంగా 100 నుంచి 200 దాకా ఏరి వాటినే గుర్తిస్తారు. పైన అనుకున్న 5 శాతం లెక్కలో 200కు వేటగాళ్లు 10. ఇక్కడ మరో చిక్కుంది. నెమటోడ్ గుడ్డులోంచి బయటపడ్డాక 4 సార్లు పొర విడిస్తేగానీ పెద్దది కాదు. ఏ నమూనాలో చూసినా పిల్లపురుగులు పెద్ద సంఖ్యలో ఉంటాయి. సగం పిల్లలే అనుకుంటే పెద్దవి 5. ఆ అయిదూ ఒకే జాతివై ఉండాలనేం లేదు.

కొత్త జాతిని వర్ణించడానికి మగ, ఆడ రెండూ కావాలి. చాలా ప్రజాతుల్లో జాతి గుర్తులు మగదానిలోనే ఉంటాయి: జతకట్టేటప్పుడు వాడే స్పిక్యూల్స్ అనే జంట ముళ్ల పొడవు, వంపు, వాటికి ముందు పొట్ట వైపు వరుసగా ఉండే గుర్తుల సంఖ్య. ఒక్క ఆడపురుగును, లేదా పిల్లపురుగును చూసి పెట్టిన పాత పేర్లు కొన్ని ఇప్పటికీ ఎటూ తేలక సందేహాస్పద జాబితాలో పడి ఉన్నాయి.

మగవి కనీసం 5 కావాలనుకోండి. కొత్త జాతి 200 పురుగుల్లో ఒకటి చొప్పున ఉందనుకుంటే, అందులో సగం పెద్దవి, ఆ పెద్దవాటిలో సగం మగవి, మొత్తానికి 800 పురుగులకు ఒక్క మగది దొరుకుతుంది. అయిదు కావాలంటే 4,000 పురుగులను వెతకాలి. అంటే 4 గొట్టాల్లోని పురుగులన్నింటినీ ఒక్కొక్కటిగా మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాలి. కొన్ని వర్ణనలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగే నమూనాలతోనే వెలువడటానికి కారణం ఇదే.

స్లైడు మీద ఒక హాలికోయనోలైమస్

ఏరిన పురుగును నేరుగా గాజుపలక మీద పెడితే నీరు ఆరి ముడుచుకుపోతుంది. అందుకే దాన్ని మెల్లగా గ్లిసరిన్‌లోకి మారుస్తారు. దీనికి 1959లో సైన్‌హోర్స్ట్ చెప్పిన పద్ధతి, 1969లో డి గ్రీస్ సవరించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఆల్కహాల్, గ్లిసరిన్ కలిపిన ద్రావణంలో ఉంచితే ఆల్కహాల్ ఆవిరై, నీటి చోటును గ్లిసరిన్ నింపుతుంది. పురుగును ఎత్తడానికి కొందరు పుల్ల చివర అంటించిన కనురెప్ప వెంట్రుకను వాడతారు. సూది కన్నా అదే నయం, పురుగు చిరగదు. గాజుపలక మీద వలయంగా వేసిన మైనం మధ్య గ్లిసరిన్ చుక్కలో దాన్ని ఉంచి, పక్కన సన్నటి గాజు పూసలు పెట్టి, పైన పలుచటి గాజు కప్పుతారు. పూసలు లేకపోతే ఆ గాజు బరువుకు పురుగు నలిగి వెడల్పు తప్పుగా వస్తుంది.

సెలాకినెమాటిడే కుటుంబంలోని హాలికోయనోలైమస్ ప్రజాతిని తీసుకుందాం. 100 రెట్ల కటకానికి, గాజుకు మధ్య నూనె చుక్క వేసి చూస్తే ముందుగా కనిపించేది రెండు గదుల నోరు. ముందు గది గిన్నెలా వెడల్పు, వెనక గది గొట్టంలా పొడవు, రెండింటి మధ్య దంతికల వరుసలు. తలకు ఇరుపక్కలా సుడులు తిరిగిన గుర్తు ఒక్కోటి, వాసనలు పసిగట్టే ఆంఫిడ్. ఆ సుడి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి, జాతుల మధ్య తేడా అందులో ఉంటుంది. తల చుట్టూ ఉండే స్పర్శాంగాలు నెమటోడ్లన్నింటిలోనూ 6, 6, 4 అమరికలో ఉంటాయి, మొత్తం 16. హాలికోయనోలైమస్‌లో వెనక రెండు వరుసలూ కలిసిపోయి ఒకే వలయంలో 10 కనిపిస్తాయి. తోక ముందు శంకువులా సన్నబడి, ఆపైన దారంలా సాగుతుంది. కొన్నిసార్లు తలను కోసి నిలబెట్టి, ముందు నుంచి కూడా చూస్తారు. కొన్ని పదుల మైక్రాన్ల తలను కోయడానికి చేతికి ఎంత నిలకడ కావాలో చెప్పనక్కర్లేదు.

చూసినదాన్ని బొమ్మ గీయాలి. ఫొటో ఉన్నా బొమ్మ తప్పదు. మైక్రోస్కోప్ ఒక లోతులోనే స్పష్టంగా చూపుతుంది, కింద ఉన్న దంతికలు, పైన ఉన్న ఆంఫిడ్ ఒకే ఫొటోలో పడవు. మైక్రోస్కోప్‌కు తగిలించిన అద్దాల గొట్టం ద్వారా పురుగునూ, కాగితాన్నీ ఒకేసారి చూస్తూ వేర్వేరు లోతుల్లోని గీతలను ఒకే బొమ్మలోకి తెస్తారు.

ఎ, బి, సి: డి మాన్ నిష్పత్తులు

తర్వాత కొలతలు. డచ్చి శాస్త్రవేత్త యోహానెస్ డి మాన్ 19వ శతాబ్దం చివర్లో వాడుకలోకి తెచ్చిన నిష్పత్తులు నేటికీ ప్రతి వర్ణనలోనూ ఉంటాయి. మన ఊహాత్మక వేటపురుగు మీదే కట్టి చూద్దాం. పొడవు 2,100 మైక్రాన్లు, గరిష్ఠ వెడల్పు 70, గ్రసని పొడవు 420, తోక పొడవు 300, పాయువు దగ్గర వెడల్పు 50.

పొడవును వెడల్పుతో భాగిస్తే ఎ, 30. పొడవును గ్రసనితో భాగిస్తే బి, 5. పొడవును తోకతో భాగిస్తే సి, 7. తోకను పాయువు దగ్గరి వెడల్పుతో భాగిస్తే మరో సి, దాని పక్కన చిన్న గీత పెడతారు, 6. ఆడపురుగైతే జననరంధ్రం తల నుంచి ఎంత దూరంలో ఉందో శాతంలో చెప్పే వి. 1,050 మైక్రాన్ల దగ్గర ఉంటే 50.

ఎందుకీ నిష్పత్తులు? ఒకే జాతిలో ఒక పురుగు 1,900, మరొకటి 2,300 మైక్రాన్లు ఉండొచ్చు. విడి కొలత మారినంతగా నిష్పత్తి మారదు. అయినా వీటినే నమ్ముకుంటే ప్రమాదం. దారంలాంటి తోక కొస తెగిపోయి ఉంటే సి విలువ తలకిందులవుతుంది. అందుకే ప్రతి పురుగుకూ విడివిడిగా పట్టిక ఇచ్చి, ఎన్నింటిని కొలిచారో కూడా చెబుతారు. ఆ తర్వాత ఆ ప్రజాతిలో పేరున్న ప్రతి జాతితోనూ, మొదటి వర్ణన దొరకబుచ్చుకుని మరీ పోల్చాలి. అది జర్మన్‌లో ఉండొచ్చు, ఫ్రెంచిలో ఉండొచ్చు, రష్యన్‌లో ఉండొచ్చు.

పేరుకు చట్టం

పోల్చి చూసి కొత్తదే అని తేలాక పేరు పెట్టాలి. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. దానికి మొదలు 1758 జనవరి 1, లినేయస్ గ్రంథం పదో ముద్రణ సంవత్సరం. ఇప్పుడు అమల్లో ఉన్నది 4వ ముద్రణ, 2000 జనవరి 1 నుంచి. దాని ప్రకారం కొత్త జాతికి సాధారణంగా హోలోటైప్ అనే ఒకే ఒక్క ప్రామాణిక నమూనాను పేర్కొని, ఏ సంగ్రహాలయంలో భద్రపరుస్తున్నారో చెప్పాలి. మిగిలిన నమూనాలు పారాటైప్‌లు. 2012 సవరణ తర్వాత ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికల్లో పెట్టిన పేర్లు చెల్లాలంటే జూబ్యాంక్ అనే పేర్ల పట్టీలో నమోదు తప్పనిసరి.

హాలికోయనోలైమస్ రోబస్టస్ పేరు చూస్తే ఈ పద్ధతి అర్థమవుతుంది. 1865లో హెన్రీ చార్ల్‌టన్ బాస్టియన్ దాన్ని వేరే ప్రజాతిలో వర్ణించారు. అది 100 కొత్త జాతులతో వెలువడిన గ్రంథం. 1886లో డి మాన్ హాలికోయనోలైమస్ ప్రజాతిని సృష్టించి దాన్ని అందులోకి మార్చారు. అందుకే ఆ పేరు పక్కన బాస్టియన్ పేరు, 1865 కుండలీకరణాల్లో ఉంటాయి. ఎప్పుడు పెట్టారో, తర్వాత మారిందో లేదో ఆ చిన్న గుర్తే చెబుతుంది. 1920లో కాబ్ కూడా 100 కొత్త నెమటోడ్లను ఒకే రచనలో ప్రకటించారు. ఒకేసారి వంద పేర్లు పెట్టే కాలం ఇప్పుడు లేదు. ఒక్కో పత్రంలో ఒకటో రెండో, మహా అయితే అయిదారు. పేర్లు తగ్గిన కొద్దీ ఒక్కో పేరు వెనక పేజీలు పెరిగాయి.

భారత్‌లో మరో నిబంధన కూడా ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం దేశంలో ఎవరు కొత్త జాతిని కనుగొన్నా నిర్దేశిత సంస్థకు తెలిపి, నమూనాలను అక్కడ జమ చేయాలి. జంతువుల విషయంలో అలాంటి సంస్థల్లో ముఖ్యమైనది 1916లో స్థాపించిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా.

నమూనా దొరికిన రోజు నుంచి పేరు అచ్చయ్యేదాకా ఎంత కాలం పడుతుంది? అన్ని రకాల జీవులనూ కలిపి 2012లో ప్రచురించిన ఒక లెక్క ప్రకారం సగటున 21 ఏళ్లు. పురుగు గ్లిసరిన్‌లో చెక్కుచెదరకుండానే ఉంటుంది. దాన్ని చూడగలిగే మనిషి దొరకాలి.

డీఎన్‌ఏ ఎంత దూరం తెస్తుంది?

కళ్లు నొప్పులు పుట్టేలా చూసే బదులు డీఎన్‌ఏ చదివేస్తే పోదా అనిపిస్తుంది. కొంతవరకే. వెనకటి సేకరణలు ఎక్కువగా ఫార్మలిన్‌లో ఉన్నాయి. ఫార్మలిన్ ఆకారాన్ని కాపాడుతుంది, డీఎన్‌ఏను పాడు చేస్తుంది. ఆల్కహాల్ డీఎన్‌ఏను నిలుపుతుంది, పురుగును ముడుచుకుపోయేలా చేస్తుంది. రెండూ నిలిపే ద్రావణాన్ని 2006లో యోడర్ బృందం నెమటోడ్ల మీద పరీక్షించి చూపింది: 20 శాతం డీఎంఎస్‌ఓ, 0.25 మోలార్ ఈడీటీఏ, కరిగినంత ఉప్పు. అప్పటి నుంచి ఒకే గొట్టంలోని పురుగులను మైక్రోస్కోప్‌కూ, డీఎన్‌ఏకూ వాడుకునే వీలు కలిగింది.

డీఎన్‌ఏ కొన్నిసార్లు లెక్కనే మార్చేస్తుంది. ఒకే జాతి అనుకున్న పెలియోడైటిస్ మెరైనా అనే పురుగును బెల్జియం, నెదర్లాండ్స్ తీరాల్లో సేకరించి ఘెంట్ బృందం 2005లో పరిశీలిస్తే, అందులో స్పష్టంగా విడిపోయిన 4 వంశాలు బయటపడ్డాయి. అది వేటపురుగు కాదు. కానీ చూపుకు ఒకటిగా ఉన్నవి ఒకటి కాకపోవచ్చన్న హెచ్చరిక వేటగాళ్లకూ వర్తిస్తుంది. మరోవైపు, బురదలోంచి వచ్చిన డీఎన్‌ఏ ముక్క ఏ జాతిదో చెప్పాలంటే పోల్చడానికి పేరున్న నమూనా తాలూకు డీఎన్‌ఏ ముందే భండారంలో ఉండాలి. పేరు పెట్టే పని ఆగితే డీఎన్‌ఏ పని కూడా సగంలో ఆగుతుంది.

బంగాళాఖాతం పద్దు

మన సముద్రానికి ఈ రంగంలో పాత చరిత్రే ఉంది. 1923లో అమెరికాలోని ఇండియానాలో పుట్టిన రిచర్డ్ టిమ్ అనే క్రైస్తవ గురువు, చెసపీక్ అఖాతపు నెమటోడ్ల మీద పీహెచ్‌డీ చేసి, 1952లో ఢాకాలోని నాటర్‌డామ్ కళాశాలకు వచ్చారు. 1961లో ఆయన రాసిన బంగాళాఖాతపు సముద్ర నెమటోడ్ల గ్రంథం ఈ తీరానికి పునాది లాంటిది. 1970 తుపాను తర్వాత ఆయన సహాయక చర్యల్లోకి దిగి, అటు తర్వాత ఎక్కువ కాలం మానవ హక్కుల పనిలోనే గడిపారు. ఆయనకు 1987లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2020లో 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఒక మనిషి వేరే పనికి మళ్లితే ఒక తీరపు పురుగుల లెక్క ఎంత కుంటుపడుతుందో టిమ్ జీవితం చెబుతుంది. అది ఆయన తప్పు కాదు, ఆ పనికి రెండో మనిషి లేకపోవడం తప్పు.

తెలుగు తీరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల మధ్య బతికే జీవుల మీద 1962లో పరిశోధన ప్రచురించారు. విశాఖ బీచిలో అడుగుల కింద ఏముందో మొదట లెక్కపెట్టినవాళ్లలో వాళ్లు ముందుంటారు. ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 974 కిలోమీటర్లని చాలాకాలం చదువుకున్నాం, కొత్త కొలతలో అది 1,053 కిలోమీటర్లకు పెరిగింది. ఇసుక బీచీలు, గోదావరి, కృష్ణా ముఖద్వారాల ఒండ్రు, కోరింగ మడ అడవుల బురద, పులికాట్ ఉప్పునీటి తావులు, అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇసుకలో వేటకు అనువైన జాతులు వేరు, ఒండ్రులో వేరు. ఒక చోటి జాబితా ఇంకో చోటికి పనికిరాదు.

ఇంకా ఎన్నేళ్లు?

బాస్టియన్ గ్రంథం నుంచి ఇప్పటికి 160 ఏళ్లు. పేర్లు సుమారు 7,000. సగటు ఏడాదికి 44. ఈ వేగంతోనే పోతే మిగిలినవాటికి ఎన్నేళ్లు పడుతుందన్నది మొత్తం ఎన్ని ఉన్నాయనే అంచనా మీద ఆధారపడి ఉంది. ఆ అంచనాల మధ్య తేడా చూస్తే కళ్లు తిరుగుతాయి.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి చెందిన జాన్ లాంబ్‌షెడ్ 1993లో 10 కోట్ల జాతులుండొచ్చన్నారు. ఏడాదికి 44 చొప్పున దానికి 22 లక్షల ఏళ్లకు పైనే పడుతుంది. 2003లో ఆయనే మరొకరితో కలిసి ఆ సంఖ్యను తిరగేసి చూసి, మొత్తం 10 లక్షలు కూడా దాటకపోవచ్చన్నారు. ఇంకా సుమారు 50 వేల సముద్ర జాతులు మిగిలి ఉంటాయన్నది మరో అంచనా. దానికి 1,136 ఏళ్లు. రష్యా శాస్త్రవేత్తలు మొకీవ్‌స్కీ, అజోవ్‌స్కీ 2002లో మొత్తం 10 వేల నుంచి 20 వేల మధ్య ఉంటాయన్నారు. ఆ లెక్కన మిగిలినవి 3 వేల నుంచి 13 వేలు, పట్టేది 68 నుంచి 295 ఏళ్లు.

అత్యంత తక్కువ అంచనా తీసుకున్నా ఒక మనిషి పని చేసే జీవితకాలం సరిపోదు. ఇక్కడ భాగహారంలో మన చేతిలో ఉన్నది ఒకే అంకె, ఆ 44. పురుగుల సంఖ్యను మనం మార్చలేం. గొట్టం, జల్లెడ, లుడాక్స్, మైక్రోస్కోప్ ఏ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగానికీ అందనివి కావు. కొరత ఉన్నది 4,000 పురుగులను ఓపిగ్గా తిరగేసి, ఎడమ పన్నుకూ కుడి పన్నుకూ తేడా పట్టి, బొమ్మ గీసి, పాత వర్ణనలతో పోల్చి చూసే మనుషులకు. ఏడాదికి ఒకటో రెండో జాతులను పూర్తిగా వర్ణించగల 20 మంది కొత్తగా తయారైతే ఆ 44 కాస్తా 64 నుంచి 84 మధ్యకు చేరుతుంది, రష్యా అంచనాలోని 295 ఏళ్లు 203కో 155కో దిగుతాయి. అందుకే కొత్త జాతుల కోసం కొత్త తీరాలు వెతికే ముందు, ఇప్పటికే సీసాల్లో పడి ఉన్న నమూనాలను చూడగలిగే ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి.